పియానో విద్వాంసుడు టెడ్డీ విల్సను

అమెరికాదేశమున పియానో వాయించిన యొకని చరిత్రము మనకేల యని చదువరులలో కొందఱు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. మేము సంగీతశాస్త్రమున పండితులము కాము, బడిపంతులము. బాలురకు కాళిదాసును, ఆంగ్లకవులను బోధించుట మా వృత్తి. అయినను, ఒక మనుష్యుడు తన విద్యను ఎట్లు గడించెను, గడించినదానిని కాలము మాఱినను ఎట్లు నిలుపుకొనెను, ఆ విద్యకు సంఘము ఎంతవఱకు తలుపు తెఱచెను, ఎచ్చట మూసెను అను విషయములు సంగీతజ్ఞులకు మాత్రమే సంబంధించినవి కావు. సంఘమును సంస్కరింపగోరు ప్రతి గృహస్థుడును, ప్రతి గృహిణియు ఆలోచింపవలసినవి. అందువలన ఈ వ్యాసమును వ్రాయసాహసించితిమి.

థియొడోర్ షా విల్సను 1912వ సంవత్సరము నవంబరు 24వ తేదీని టెక్సాసు రాష్ట్రమందలి ఆస్టిన్ నగరమున జన్మించెను. లోకమాయనను టెడ్డీ విల్సను అని పిలిచినది. ఆయన నల్లజాతివాడు. అమెరికాలో బానిసత్వము 1865లోనే రాజ్యాంగసవరణమువలన రద్దయ్యెను గాని, దక్షిణరాష్ట్రములలో దానిస్థానమున వేఱొక కట్టుబాటు పుట్టెను. రైలుపెట్టెలు వేఱు, బడులు వేఱు, భోజనశాలలు వేఱు. వేఱుగానున్నను సమానముగానుండిన చాలునని 1896లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. వేఱు అను మాట మాత్రము అమలులోనికి వచ్చెను. సమానమను మాట కాగితముమీదనే నిలిచెను.

విల్సను చిన్నతనముననే ఆయన తల్లిదండ్రులు అలబామా రాష్ట్రమందలి టస్కీగీ విద్యాలయమునకు వచ్చి చేరిరి. నల్లజాతివారి విద్యకొఱకు 1881లో ఆరంభమైన ఆ విద్యాలయమును బుకర్ టి. వాషింగ్టను తన మరణపర్యంతము, అనగా 1915వఱకు, నడపెను. అచ్చట విల్సను తండ్రి ఆంగ్లభాషాశాఖకు ముఖ్యుడు. తల్లి గ్రంథాలయమునకు అధికారిణి. జాజ్ సంగీతమనగా మద్యశాలలలో పుట్టి పెరిగిన అల్లరివిద్య యని తలచువారికి ఈ సంగతి ఆశ్చర్యము కలిగింపవచ్చును. పుస్తకములనడుమ, ఉపాధ్యాయుల యింట పెరిగిన బాలుడతడు. పియానోను, వయొలినును బడిలో క్రమముగా అభ్యసించెను. పిమ్మట టాలడీగా కళాశాలలో కొంతకాలము సంగీతశాస్త్రమును చదివెను.

కాని బడిలో దొరకని విద్య యొకటి గ్రామఫోను పలకలలో దొరకెను. అర్ల్ హైన్సు, ఫాట్సు వాలరు మొదలగు విద్వాంసుల వాద్యమును ఆయన వాని మూలముననే విని, స్వరము స్వరముగా నేర్చెను. మన దేశమున గురువునెదుట కూర్చుండి వినికిడిచే నేర్చుట సంప్రదాయము. గురువు వందల మైళ్ల దూరముననున్నను, ఏకలవ్యునివలె శిష్యుడు నేర్చుటకు ఈ యంత్రము తోడ్పడెను. ఈ శిష్యుని బొటనవ్రేలు అడిగినవారు లేకపోవుట సంగీతమునకు మహాభాగ్యము.

1929 ప్రాంతమున విల్సను ఉత్తరమునకు, డెట్రాయిట్ నగరమునకు పోయి వాద్యబృందములలో చేరెను. టొలీడో నగరమున ఆర్ట్ టేటము అను పియానో విద్వాంసునితో స్నేహము కలిసెను. టేటమునకు చూపు మిక్కిలి మందము. చేతుల వేగము మాత్రము ఇతరులు నమ్మలేనిది. అట్టివానిని చూచిన యువకుడు భయపడి విద్యను వదలును, లేదా గ్రుడ్డిగా అనుకరించును. విల్సను ఈ రెండును చేయలేదు. టేటము వేగమునుగాక, ఆయన స్పష్టతను గ్రహించెను. తరువాత షికాగో నగరమున 1933లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగు బృందమున వాయించెను. ఒకనాడు హైన్సునకు బదులుగా ఈయన వాయించుచుండగా రేడియోలో విన్న జాన్ హామండు అను సంగీతాభిమాని, ఈయనను న్యూయార్కునకు రప్పించి బెన్నీ కార్టరు బృందమున చేర్పించెను. అప్పటికి విల్సనునకు ఇరువదియొక్క యేండ్లు నిండలేదు.

ఇచ్చట ఆయన వాయించిన పాటలనుగూర్చి కొంత చెప్పవలెను. 1920 మొదలు 1940 ప్రాంతమువఱకు న్యూయార్కు నాటకశాలలకొఱకును, చలనచిత్రములకొఱకును వేలకొలది పాటలు పుట్టెను. వానిలో పెక్కింటికి ముప్పదిరెండు కొలతల చట్రము. ఎనిమిదేసి కొలతలుగా నాలుగు భాగములు. మొదటి, రెండవ, నాలుగవ భాగములకు ఒకే వరుస, మూడవదానికి వేఱొక వరుస. నాటకము ఆడుట మానినను, చిత్రము మఱుగుపడినను, ఈ పాటలలో కొన్ని వాద్యకారుల చేతులలో నిలిచిపోయెను. వానినే అచ్చటివారు 'స్టాండర్డులు' అని పిలుతురు. ప్రమాణగీతములని మనము చెప్పుకొనవచ్చును. వాద్యకారుడు మొదట పాటను ఉన్నదున్నట్లు వినిపించి, తరువాత దాని స్వరసంధానమును మాత్రము ఆధారముగానుంచుకొని, తన మనోధర్మముచే క్రొత్త వరుసలను అప్పటికప్పుడు కల్పించును. కడపట తిరిగి పాటకు చేరును. పల్లవిని పెంచి, నెరవు చేసి, స్వరకల్పనము చేయుట నెఱిగిన మనకు ఈ పద్ధతి తెలియనిది కాదు.

ఒకరు కట్టిన పాటను వాయించువాడు కర్త యగునా యని కొందఱు శంకింతురు. భారతకథ వ్యాసునిది. దానిని తెనిగించిన తిక్కనను కర్త కాడనువాడు మన దేశమున ఎవడును లేడు. కథ అందఱకును తెలిసినదైనప్పుడే చెప్పువాని నేర్పు బయలుపడును. ప్రమాణగీతమునకు గల ప్రయోజనమిదియే. వినువానికి పాట ముందే తెలియును గనుక, ప్రతి మార్పును వాడు గుర్తించును. వాయించువాడు వానిని మోసగింపలేడు.

విల్సను నేర్పు ఎట్టిదో యించుక వివరింతుము. అంతకుముందు పియానో విద్వాంసులు ఎడమచేతిని క్రిందిస్వరమునుండి నడిమి స్వరసమూహమునకు దుమికించుచు తాళమును గట్టిగా కొట్టెడివారు. విల్సను ఆ దుముకుడును మాన్పి, వ్రేళ్లను చాచి, దూరపు స్వరములను రెంటిని జంటగా నొక్కుచు, మెట్లు దిగునట్లు ఎడమచేతిని నడపెను. కుడిచేతితో ఒంటిస్వరముల వరుసను క్లారినెట్టు పలికినంత తేటగా పలికించెను. అరపులేదు, తొందరలేదు. వేగముగా సాగు పాటలో సైతము ప్రతిస్వరమును విడివిడిగా వినబడును. చక్కని అక్షరములతో వ్రాసిన జాబువలె ఆయన వాద్యముండును.

1935 జూలై 2వ తేదీని విల్సను నాయకత్వమున ఒక చిన్న బృందము న్యూయార్కులో కొన్ని పాటలను ముద్రించెను. పాడినది బిల్లీ హాలిడే, ఆమెకప్పుడు ఇరువదేండ్లు. ఆ నాటినుండి మూడు నాలుగేండ్లపాటు వీరిరువురును కలిసి చేసిన ముద్రణములు జాజ్ చరిత్రమున మకుటాయమానములు. 1937 జనవరి మొదలు లెస్టరు యంగు సాక్సొఫోనుతో వీరికి తోడయ్యెను. గమనింపవలసినదేమన, నేడు పాతపాటలని మనము వినునవి అప్పటికి క్రొత్తపాటలు. వానిలో పెక్కు సామాన్యమైనవి. పాటల వ్యాపారులు అమ్ముకొనగోరినవానిని చేతికిత్తురు; సాహిత్యము చప్పగానుండినను పాడకతప్పదు. విల్సను ఆ పాటలకు కొద్దిపాటి ఏర్పాటు చేసి, మంచి వాద్యకారులను సమకూర్చి, ఒక్కొక్కరికి కొన్ని కొలతల చోటిచ్చి, మూడు నిమిషములలో ఒక శిల్పమును నిర్మించెను. పదార్థము నాసియని శిల్పి పని మానుకొనలేదు.

ఇక ఆయన జీవితమున సంఘచరిత్రముతో ముడిపడిన ఘట్టమునకు వచ్చుచున్నాము. 1935 వేసవిలో మిల్డ్రెడ్ బెయిలీ అను గాయని యింట నొక విందు జరిగెను. అచ్చటికి బెన్నీ గుడ్‌మను వచ్చెను. ఆయన షికాగోలో బీదయూదుల యింట పుట్టి, క్లారినెట్టు వాద్యమున పేరుపొందిన తెల్లవాడు. ఆ విందులో గుడ్‌మనును, విల్సనును కలిసి వాయింపగా, గృహిణి బంధువొకడు ప్రయాణపు పెట్టెమీద తాళము వేసెను. ఆ కూడిక వారికెంతో నచ్చెను. జూలై 13వ తేదీని జీన్ క్రూపా డ్రమ్ములతో చేరగా ముగ్గురును కలిసి నాలుగు పాటలను ముద్రించిరి. అందు 'బాడీ అండ్ సోల్' అను ప్రమాణగీతమొకటి.

తెల్లవారును నల్లవారును కలిసి పాటలను ముద్రించుట అప్పటికి క్రొత్తకాదు. 1923లోనే అట్టిది జరిగియుండెను. ముద్రణశాలలో ఎవరును చూడరు. పలకమీద స్వరమునకు రంగులేదు. చిక్కు వచ్చునది వేదికమీదనే. ఇంటిలో చాటుగా చేయుటకు సమ్మతించిన పనిని నలుగురియెదుట చేయుటకు సంఘము సమ్మతింపదు. 1936 ఏప్రిల్ 12వ తేదీ, ఈస్టరు ఆదివారమునాడు, షికాగోలోని కాంగ్రెసు హోటలులో హెలెన్ ఓక్లీ అను యువతి యేర్పాటుచేసిన సభలో ఈ ముగ్గురును జనులయెదుట కూర్చుండి వాయించిరి. సభ్యులు ఆనందించిరి. గుడ్‌మను విల్సనును తన బృందముతో నుండుమని కోరెను. ఆ సంవత్సరమే లయొనెల్ హాంప్టను అను మఱియొక నల్లజాతి విద్వాంసుడు లోహపుపలకల వాద్యమైన వైబ్రఫోనుతో చేరగా, త్రయము చతుష్టయమయ్యెను.

ఇది ఎంతటి సాహసమో తెలియుటకు రెండు సంవత్సరములను జ్ఞాపకముంచుకొనిన చాలును. ఆ దేశపు పెద్ద బేస్‌బాలు పోటీలలో ఆధునికకాలమున జాకీ రాబిన్సను అను నల్లజాతి ఆటగాడు ప్రవేశించినది 1947లో. సేనలో జాతిభేదమును మానవలెనని అధ్యక్షుని యాజ్ఞ వెలువడినది 1948లో. ముగ్గురు వాద్యకారులు ఒక హోటలులో చేసినపని, ప్రభుత్వముకంటె పండ్రెండేండ్లు ముందు నడచెను.

అయినను చరిత్రము వ్రాయువాడు మెచ్చుకోలుతో నిలిచిపోరాదు. గుడ్‌మను పెద్దబృందము వాయించునప్పుడు పియానోయొద్ద కూర్చుండినది విల్సను కాదు, జెస్ స్టేసీ అను తెల్లవాడు. పెద్దబృందము విరామము తీసికొన్నప్పుడు, ప్రత్యేకమైన యంశముగా త్రయమును, చతుష్టయమును వేదికకు వచ్చెడివి. అనగా, అతిథిగా రావచ్చును, కుటుంబములో చేరరాదు. ఈ యేర్పాటువలన తలుపు తెఱచినట్లును ఉండెను, గడప నిలిచినట్లును ఉండెను. వేదికమీద చేతులు తట్టిన నగరములలోనే, వాద్యకారులు రాత్రి పండుకొనుటకు వేర్వేఱు వసతులను వెదకికొనవలసివచ్చుట ఆ కాలపు సామాన్యవిషయము.

ఈ సంగతి చదివినప్పుడు మాకు మా యనుభవమొకటి జ్ఞప్తికి వచ్చి సిగ్గుకలిగినది. మేము పూర్వము పనిచేసిన యొక పాఠశాలలో వార్షికోత్సవమునాడు ప్రార్థనాగీతమును పాడుటకు ఒక హరిజనబాలుని ఎన్నుకొంటిమి. అతని కంఠము అంతటిది. ఊరిపెద్దలు మెచ్చుకొనిరి, మేమును మా సంస్కారమునకు మురిసిపోతిమి. సభానంతరము ఫలాహారముకొఱకు అందఱును లోనికి పోయినప్పుడు, ఆ బాలుడు ఎవరును చెప్పకుండగనే వెలుపలి చెట్టుక్రింద నిలిచియుండెను. ఎవరును పొమ్మనలేదు; ఎవరును రమ్మనలేదు. రమ్మనవలసినవారము మేము. ఊరకుంటిమి. కాంగ్రెసు హోటలును తప్పుపట్టుటకు మాకు గల అధికారమెంతయో చదువరులే నిర్ణయింతురుగాక.

అట్లని సగము తెఱచిన తలుపు వ్యర్థమా? కాదని మా యభిప్రాయము. 1938 జనవరి 16వ తేదీని న్యూయార్కులోని కార్నెగీ సభామందిరమున, ప్రాచీన శాస్త్రీయసంగీతమునకు నెలవైన వేదికపై, గుడ్‌మను బృందము కచేరి చేసెను. విల్సనును, హాంప్టనును అందు పాల్గొనిరి. ఎల్లింగ్టను, బేసీ బృందములలోని నల్లజాతి విద్వాంసులును వచ్చి కలిసిరి. 1936లో విశేషముగా తోచినది రెండేండ్లలో కొంత వాడుకలోనికి వచ్చెను. సగము తలుపు తెఱచుట తప్పుకాదు. అంతటితో పని ముగిసినదని నిద్రించుట తప్పు.

విల్సను నిద్రింపలేదు. 1939లో గుడ్‌మనును విడిచి సొంతముగా పెద్దబృందమును స్థాపించెను. అది సుమారొక యేడాది మాత్రము నిలిచి, ధనాభావమువలన చెదరిపోయెను. అందఱకు ప్రియమైన విద్వాంసుడు బృందపోషణమున విఫలుడగుట క్రొత్తకాదు. తరువాత 1940 మొదలు 1944వఱకు ఆర్గురు వాద్యకారులతో 'కెఫే సొసైటీ' అను వినోదశాలలలో వాయించెను. బార్నీ జోసెఫ్‌సను అను నతడు 1938 డిసెంబరులో న్యూయార్కున తెఱచిన శాల యది. అచ్చట వేదికమీదనేకాక, వేదికయెదుటను తెల్లవారును నల్లవారును ఒకేరీతిగా కూర్చుండిరి. గుడ్‌మను వేదికను కలిపెను. జోసెఫ్‌సను బల్లలను కలిపెను. వినోదశాలలో పంక్తిభేదము లేకుండుట ఆ నగరమునందును అరుదైన విషయము. 1943లో బెంజమిన్ డేవిస్ అను నల్లజాతి కమ్యూనిస్టునాయకుడు నగరసభకు పోటీచేసినప్పుడు, ఆయనను గెలిపించుటకై కళాకారులు ఏర్పఱచుకొన్న సంఘమునకు విల్సను అధ్యక్షత వహించెను. డేవిస్ గెలిచెను. ఆ నాయకుని సిద్ధాంతములతో మనము ఏకీభవించినను, లేకున్నను, వేదికమీద నెమ్మదిగా చిఱునవ్వుతో కూర్చుండు విల్సను వేదికవెలుపల మౌనియై యుండలేదని ఇందువలన తెలియుచున్నది.

ఇంతలో సంగీతమున కాలము మాఱెను. 1945 ప్రాంతమున చార్లీ పార్కరు, డిజ్జీ గిలెస్పీ మొదలైన యువకులు 'బీబాప్' అను క్రొత్తరీతిని తెచ్చిరి. వేగమెక్కువ, స్వరసంధానము చిక్కు, నృత్యమునకు పనికిరాదు. విల్సను వారిని ద్వేషింపలేదు. 1945 జూన్‌లో రెడ్ నార్వో నాయకత్వమున జరిగిన ముద్రణమున పార్కరుతోడను గిలెస్పీతోడను కలిసియే వాయించెను. ఆ పలకలో క్రొత్తవారినడుమ పాతవాడు తడబడిన చిహ్నమేదియు లేదు. కాని వారి వేషమును తాను ధరింపలేదు. తన రీతిని తాను వదలలేదు.

ఇది భీరుత్వమా, స్థైర్యమా యని విమర్శకులు వాదించిరి. కడపటి యేండ్లలో ఆయన ఒకేరకమైన పాటలను ఒకేరీతిగా వాయించెనని తప్పుపట్టినవారు కలరు. ఆ విమర్శలో కొంత సత్యమున్నది; ముప్పదియేండ్లు చెప్పిన పాఠములో ఒక్కొక్కప్పుడు నీరసము తోచుట మాకు వృత్తిధర్మమువలన బాగుగా తెలియును. కాని 1956 జనవరిలో లెస్టరు యంగుతో కలిసి చేసిన ముద్రణమును విన్నవాడు ఆ మాటను పూర్తిగా ఒప్పుకొనలేడు. యంగు శరీరము అప్పటికే క్షీణించుచుండెను. విల్సను ఎడమచేతితో మెత్తని నడకను పఱచి, ఆ మిత్రుడు తొట్రుపడకుండునట్లు ముందు నడచుచుండును. ఇరువదేండ్ల క్రిందటి పాటలు అచ్చట ఇద్దఱు పెద్దవారల సంభాషణమువలె వినబడును. క్రొత్తదనమనగా క్రొత్తపాటయే కానక్కఱలేదు.

మా వృత్తికి సంబంధించిన విషయమొకటి చెప్పక మానలేము. ఉపాధ్యాయుల కుమారుడు తానును ఉపాధ్యాయుడయ్యెను. 1945 మొదలు 1952వఱకు న్యూయార్కులోని జూలియార్డ్ సంగీతవిద్యాలయమున వేసవితరగతులలో ఆయన బోధించెను. ఐరోపాసంగీతమునకు పీఠమైన అట్టిచోట జాజ్ విద్వాంసుడు ఉపాధ్యాయుడగుట ఆనాడు చిన్నవిషయము కాదు. హోటలులో విశేషాంశమునకు మాత్రము పిలువబడినవాడు, పాఠశాలలో ఆసనము పొందెను. విశేషాంశము సాయంకాలముతో ముగియును. ఆసనమునెదుట శిష్యులు కూర్చుందురు.

1962లో గుడ్‌మను బృందముతో సోవియట్ దేశమునకు పోయి అచ్చటి జనులకు తన వాద్యమును వినిపించెను. 1963లో పాత చతుష్టయము మరల కూడి ముద్రణము చేసెను. ఆ మరుసటి యేడాదియే, 1964లో, హోటళ్లలోను భోజనశాలలలోను జాతిభేదమును పాటింపరాదని అమెరికాలో చట్టము వచ్చెను. కాంగ్రెసు హోటలు సభకును ఈ చట్టమునకును నడుమ ఇరువదియెనిమిదేండ్లు గడచెను. ఆ యేండ్లన్నియు ఆ మెత్తని చేతులు పియానోమీద నడచుచునేయుండెను. కడపటి కాలమున కుమారులతో కలిసియు కచేరీలు చేసి, 1986 జూలై 31వ తేదీని కనెక్టికట్ రాష్ట్రమందలి న్యూ బ్రిటన్ నగరమున, డెబ్బదిమూడవయేట విల్సను మరణించెను. ఆయన చెప్పిన స్వీయచరిత్రము 1996లో పుస్తకరూపమున వెలువడెను.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించినది రెండు మాటలలో చెప్పి ముగింతుము. మొదటిది: పాతదానిని నిలుపుటయు, సంఘమును మార్చుటయు పరస్పరవిరుద్ధములు కావు. విల్సను వాయించిన పాటలు పాతవి. ఆయన కూర్చుండిన చోటు క్రొత్తది. పూర్వగ్రంథములను పూజించుచునే, వానిని వినుటకు ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చుండవలెనను నియమమును మార్చుట మనకును సాధ్యము. రెండవది: ఒకని విద్యను మెచ్చుకొనుట సులభము, వానిని ప్రక్కను కూర్చుండబెట్టుకొనుట కష్టము. సంస్కారమునకు పరీక్ష పాట జరుగుచున్నప్పుడు కాదు. పాట ముగిసి, అందఱును లోనికి పోవునప్పుడు.

మా పాఠశాలలో పాడిన యా బాలుడు పెద్దవాడై యుండును. అతనికి మా క్షమాపణమును చేర్చు మార్గము మాకు తెలియదు. ఇకమీదట ఉత్సవములు జరిగినప్పుడు ఫలాహారశాల వాకిట మేమే నిలిచి, లోనికి రానివారెవరో ముందుగా చూచుచున్నాము.